మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ పదేపదే పోతోందా? ఏ ప్యాకింగ్, ఏ బోల్టు, ఎంత బిగింపు ఎంచుకోవాలి

పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయగానే హెడ్డు పక్క నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. పది నిమిషాలు నడిచి వేడెక్కాక అది సద్దుమణుగుతుంది. చప్పుడు పోయింది కదా అని మనమూ ఊరుకుంటాం. కొన్నాళ్లకు మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపి సైలెన్సర్‌లోకి పంపే పోత ఇనుప గొట్టం) అంచున కాటుక దిద్దినట్టు నల్లటి మసి చార కనబడుతుంది. మెకానిక్‌ను పిలుస్తాం, ఆయన హెడ్డుకూ దానికీ మధ్య పొగ కారకుండా పెట్టే ప్యాకింగ్ మారుస్తాడు, రెండు నెలలు తిరగకుండానే మళ్లీ అదే చప్పుడు.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల గట్ల మీది జనరేటర్లు, కోనసీమ చేలల్లో దమ్ము చేసే ట్రాక్టర్లు, నరసాపురం, అంతర్వేది వైపు రేవుల్లోని బోటు ఇంజన్లు, అన్నింటికీ ఈ జబ్బు వస్తుంది. దుకాణానికి వెళితే నాలుగైదు రకాల ప్యాకింగ్‌లు, అన్ని రకాల బోల్టులూ ముందు పెడతారు. ఖరీదైనది కొంటే మన్నుతుందని అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని నష్టపోయాను. మీ ఇంజన్ ఫేసు, అంటే ప్యాకింగ్ ఆనే ఇనుప ముఖం, ఎంత చదునుగా ఉంది, ఎంత ఉప్పుగాలిలో ఉంది, దాన్ని ఎన్నాళ్లకోసారి విప్పుతారు అన్నవాటిని బట్టి ఏది కొనాలన్నది మారుతుంది. అందుకే ముందు కొలతలు చూద్దాం, వస్తువుల సంగతి ఆ తర్వాత.

స్కేలు కింద వెలుతురు

మా చెరువు జనరేటర్‌కు ఒకే వేసవిలో మూడుసార్లు ప్యాకింగ్ మార్పించాను. మూడోసారి వచ్చిన కుర్రవాడు “ఇంకో పావు చుట్టు తిప్పితే చాలండి, ఇక కారదు” అంటూ పానాకు ఇనుప గొట్టం తొడిగి లాగాడు. టప్‌మని స్టడ్డు (హెడ్డులో బిగించి ఉండే, తల లేని మరల కడ్డీ) తెగి, సగం ముక్క హెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లు చేసి తీయించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. రొయ్యల చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు జనరేటరే దిక్కు. ఆ రెండు రాత్రులూ పక్క చెరువు వారి జనరేటర్ అరువు తెచ్చుకుని, కంటి మీద కునుకు లేకుండా గట్టు మీదే కూర్చున్నాను.

మ్యానిఫోల్డ్‌ను లేత్ షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి పెద్దాయన దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఫేసు మీద ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి చూపించారు. మధ్యలో స్కేలు ఇనుముకు అతుక్కుని ఉంది. రెండు చివర్లా దాని కింద నుంచి వెంట్రుక మందాన వెలుతురు కనబడుతోంది. “ప్యాకింగ్‌ను తిట్టి ఏం లాభమండీ? ఈ చివర్లలో దానికి ఆనడానికే ఏమీ లేదు” అన్నారు. మూడు ప్యాకింగ్‌లూ, ఒక స్టడ్డూ పోయాక నాకు అసలు సంగతి తెలిసింది. ప్యాకింగ్ పొగను ఆపేది తన సొంత బలంతో కాదు. బోల్టులు రెండు ఇనుప ముఖాలను ఎంత సమంగా దగ్గరకు లాగి పట్టుకుంటే అది అంత బాగా ఆపుతుంది.

ముందుగా చూసుకోవలసిన ఐదు సంగతులు

మొదటిది ఫేసు చదును. పాత ప్యాకింగ్ పూర్తిగా గీకి తీసి, ఉక్కు స్కేలు పెట్టి, దాని కింద ఫీలర్ గేజి (మందం రాసి ఉన్న పలుచని రేకుల కట్ట) రేకును దూర్చి చూడండి. ఎంతవరకు ఫరవాలేదో ఇంజన్ పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం దొరకనప్పుడు నేను పాటించే లెక్క ఇది: 0.1 మిల్లీమీటరు రేకు ఎక్కడా దూరకపోతే నిశ్చింత, 0.2 రేకు దూరితే ప్యాకింగ్ కొనే ముందు లేత్ షెడ్డులో ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని చదును, చేయించాలి. హెడ్డు వైపు కూడా ఇలాగే చూడాలి. చాలామంది మ్యానిఫోల్డ్‌ను చూసి హెడ్డును వదిలేస్తారు.

రెండోది వేడి. పని చేస్తున్న డీజిల్ ఇంజన్‌లో పొగ 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పోత ఇనుము ఒక మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి, సుమారు 0.0105 మిల్లీమీటరు సాగుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ 40 సెంటీమీటర్ల మ్యానిఫోల్డ్ 400 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా పొడవు పెరుగుతుంది. నీళ్లు తిరిగే హెడ్డు అంత వేడెక్కదు, అందులో ఐదో వంతు కూడా పెరగదు. అంటే ఇంజన్ నడిచిన ప్రతిసారీ మ్యానిఫోల్డ్ హెడ్డు మీద అటూ ఇటూ జరుగుతోంది. చివరి స్టడ్డుల దగ్గర మ్యానిఫోల్డ్ రంధ్రాలు కాస్త పెద్దవిగా ఉండేది ఈ కదలిక కోసమే. అక్కడ గొట్టం తొడిగి బిగిస్తే కదలడానికి చోటు లేక మ్యానిఫోల్డ్ వంగుతుంది, లేదా చీలుతుంది. కారుతోంది కదా అని ఇంకా బిగించడం వల్ల కారడం పెరిగేది ఇందుకే.

మూడోది ఉప్పుగాలి. ధవళేశ్వరం దగ్గర, సముద్రానికి దూరంగా ఉన్న ఇంజన్‌కూ, అంతర్వేదిలో అలల చప్పుడు వినబడే చోట ఉన్న ఇంజన్‌కూ ఒకే బోల్టు సరిపోదు. రొయ్యల చెరువుల దగ్గరైతే సముద్రం దూరమైనా ఉప్పునీటి తుంపర ఉంటుంది.

నాలుగోది ఎన్నాళ్లకోసారి విప్పుతారన్నది. ఐదోది ఆ అతుకు మీద ఎంత బరువు వేలాడుతోందన్నది. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. దాని గురించి కింద విడిగా చెబుతాను.

ప్యాకింగ్: ఏది దేనికి

| రకం | వేడికి ఎలా ఉంటుంది | ఫేసు కాస్త వంకరగా ఉంటే | మళ్లీ వాడవచ్చా | ఎవరికి |
|---|---|---|---|---|
| షీటు కోసి చేసినది | త్వరగా ఎండి పెళుసవుతుంది | కొంత సర్దుకుంటుంది | కుదరదు | తాత్కాలికంగా మాత్రమే |
| రేకు తొడిగిన ప్యాకింగ్ | బాగా తట్టుకుంటుంది | కొంత సర్దుకుంటుంది | కుదరదు | ట్రాక్టర్లు, పాత డీజిల్ ఇంజన్లు |
| లోపల ఉక్కు రేకు ఉన్న గ్రాఫైట్ | డీజిల్ వేడికి చాలు | బాగా సర్దుకుంటుంది | కుదరదు | జనరేటర్లు, బోట్లు |
| పొరల స్టీలు | అన్నిటికన్నా మెరుగు | ఏమాత్రం ఒప్పుకోదు | కుదరదు | కొత్త కార్లు, ఫేసింగ్ చేసిన ఇంజన్లు |
| మెత్తటి రాగి | బాగా తట్టుకుంటుంది | కొంత సర్దుకుంటుంది | కాల్చి మెత్తబరిస్తే వాడవచ్చు | ఒక్క సిలిండర్ ఇంజన్లు, గుండ్రటి అతుకులు |
| సీలెంటు ట్యూబు ఒక్కటే | హెడ్డు దగ్గర నిలవదు | నింపుతుంది కానీ నిలవదు | కుదరదు | ఇక్కడ వద్దు |

షీటు ప్యాకింగ్ ఊళ్లలో ఎక్కువగా కనబడడానికి కారణం అది వెంటనే దొరకడం. షీటును ఫ్లాంజి (బోల్టు రంధ్రాలున్న చదునైన అంచు) మీద పరచి, సుత్తి గుండ్రటి వైపుతో అంచుల వెంట టకటకా కొడితే పావుగంటలో ప్యాకింగ్ తయారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ దెబ్బలకు పోత ఇనుము అంచు నలుగుతుంది, తర్వాత వేసే మంచి ప్యాకింగ్ కూడా అక్కడ సరిగా ఆనదు. దీనికన్నా పెద్ద ప్రమాదం ఆ షీటు ఆస్బెస్టాస్‌ది కావడం. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుంది. పాత ఇంజన్ల ప్యాకింగ్ గీకేటప్పుడు అది ఏ షీటో మనకు తెలియదు. కాబట్టి ముందు నీళ్లతో బాగా తడిపి, మూతికి మంచి మాస్కు కట్టుకుని, తడిగానే గీకండి. గీకిన పొట్టును గాలితో ఊదకండి, ఊడ్చకండి. తడి గుడ్డతో తుడిచి సంచిలో కట్టేయండి. మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు ఆ పొడిని నోటితో ఊదడం చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

గ్రాఫైట్ ప్యాకింగ్ అంటే నాకు మక్కువ. సన్నని చిల్లుల ఉక్కు రేకుకు రెండు వైపులా నల్లటి మెత్తటి గ్రాఫైట్ అదిమి ఉంటుంది. బిగించగానే ఫేసు మీది చిన్న గుంటల్లోకి ఒదిగిపోతుంది, మ్యానిఫోల్డ్ జరిగినా చిరగకుండా జారనిస్తుంది. దీనికీ ఒక హద్దు ఉంది. సుమారు 450 డిగ్రీలు దాటాక గాలి తగిలే అంచుల్లో గ్రాఫైట్ నెమ్మదిగా కాలిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో ప్యాకింగ్‌కు ఒక వైపు చల్లని హెడ్డు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. పెట్రోలు ఇంజన్‌లో పొగ 800 డిగ్రీలు కూడా దాటుతుంది, అక్కడ పొరల స్టీలే మేలు.

పొరల స్టీలు ప్యాకింగ్‌లో రెండు మూడు పలుచని స్టెయిన్‌లెస్ రేకులు ఉంటాయి. ఒక్కోదాని మీద రంధ్రం చుట్టూ చిన్న గట్టు ఉబ్బి ఉంటుంది. ఆ గట్టు స్ప్రింగులా పని చేస్తుంది, అందుకే అది ఏళ్ల తరబడి పట్టు వదలదు. కానీ ఫేసు అద్దంలా లేకపోతే ఇంత ఖరీదైనదీ మామూలు షీటు కన్నా ముందే కారుతుంది. ఆ వేసవిలో నేను రెండోసారి వేయించింది ఇదే. దుకాణంలో ఉన్నవాటిలో ఖరీదైనది అడిగి మరీ తెచ్చి, వంగిన ఫేసు మీద పెట్టించాను.

రాగి ప్యాకింగ్‌ను మళ్లీ వాడాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి ఉంటుంది కాబట్టి కాల్చకుండా వేస్తే తప్పకుండా కారుతుంది.

ఎర్ర సిలికాన్ సీలెంటు సుమారు 340 డిగ్రీల వరకే, అదీ కాసేపే తట్టుకుంటుంది. దాన్ని గ్రాఫైట్ మీదా, స్టీలు మీదా ఇంకాస్త భద్రం అని పూసేవారు ఉన్నారు. అది అక్కడ జారుడు పొరగా మారి, ప్యాకింగ్ పక్కకు తొలగడానికే ఉపయోగపడుతుంది. సిమెంటులా గట్టిపడే రకాలు ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి కానీ అదురుకు పగులుతాయి. అవి సైలెన్సర్ గొట్టం ఒకదానిలో ఒకటి దూరే చోట పనికివస్తాయి.

బోల్టు, స్టడ్డు, నట్టు

బోల్టును బిగించినప్పుడు అది వెంట్రుక వాసి సాగుతుంది. ఆ సాగిన ఉక్కు తిరిగి ముడుచుకోవాలని లాగే లాగుడే మనకు కావలసిన పట్టు. పొట్టి బోల్టు సాగేది తక్కువ, కాబట్టి ప్యాకింగ్ కొద్దిగా కుదించుకుపోగానే దాని పట్టు పోతుంది. పొడవు స్టడ్డు ఎక్కువ సాగుతుంది, కుదింపును సర్దుకుంటుంది. అందుకే కొన్ని ఇంజన్లలో నట్టు కింద ఉక్కు బుష్షు (చిన్న గొట్టం ముక్క) పెట్టి పొడవాటి స్టడ్డు వాడతారు. బుష్షు ఎందుకు దండగ అని తీసేసి పొట్టి బోల్టు వేసేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

తల మీద ఏ అంకే లేని మామూలు బోల్టు వేడికి సాగిపోతుంది, ఇక్కడ పనికిరాదు. 8.8 అని గుర్తు ఉన్న బోల్టు చాలా మ్యానిఫోల్డ్‌లకు సరైన ఎంపిక. మొదటి 8 అంటే తెగేముందు చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడును ఓర్చుతుందని. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం దాటితే శాశ్వతంగా సాగిపోతుందని. 12.9 ఇంకా గట్టిది కదా అని కొందరు అడుగుతారు. అంత గట్టి ఉక్కు ఉప్పుతేమలో చెప్పకుండా విరుగుతుంది. పైగా మెత్తటి పోత ఇనుము మరలు దాని బలాన్ని మోయలేవు. పెట్టిన ఖర్చుకు ఫలితం ఉండదు.

స్టెయిన్‌లెస్ గురించి మన ప్రాంతంలో అపోహ ఎక్కువ. తుప్పు పట్టదు కాబట్టి ఉప్పుగాలికి ఇదే మంచిదని అనుకుంటాం. నిజమే, తుప్పు విషయంలో మంచిదే. కానీ మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ వేడికి పోత ఇనుము కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా సాగుతుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు స్టడ్డు ఫ్లాంజి కన్నా ఎక్కువ పొడవై, పట్టు సడలుతుంది. ఇది చాలదన్నట్టు, స్టెయిన్‌లెస్ స్టడ్డు మీద స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా తిప్పితే మరలు ఒకదానికొకటి అంటుకుపోయి మధ్యలో బిగుసుకుంటుంది, ఇక కోయడమే గతి. సైలెన్సర్ బిగింపు క్లాంపులకు స్టెయిన్‌లెస్ వాడండి, అక్కడ బాగుంటుంది. హెడ్డు స్టడ్డులకు మాత్రం నేను 8.8 ఉక్కే ఎంచుకుంటాను. తుప్పు భయానికి మందుగా, మరలు అతుక్కుపోకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు ఉంది. రాగి కలిసినది సుమారు 980 డిగ్రీల దాకా, నికెల్ కలిసినది 1300 డిగ్రీల దాకా నిలుస్తుంది. డీజిల్ ఇంజన్‌కు రాగిదే చాలు.

బోల్టా, స్టడ్డా అన్న ప్రశ్నకు నా జవాబు స్టడ్డే. బోల్టు అయితే విప్పిన ప్రతిసారీ హెడ్డులోని మరలు అరుగుతాయి. స్టడ్డు హెడ్డులోనే ఉండిపోతుంది, అరిగేది నట్టే. నట్టు పోతే కొన్ని రూపాయలు, హెడ్డులో మరలు పోతే వేలు. దాని మీద ఇత్తడి నట్టు గానీ, రాగి పూత ఉన్న ఉక్కు నట్టు గానీ వేస్తే తుప్పుకు అతుక్కోదు. ఇత్తడి బలం తక్కువ కాబట్టి కాస్త పొడవాటి నట్టు అడగండి. తరచూ విప్పే ఒక్క సిలిండర్ ఇంజన్లకు అది సుఖం.

సడలకుండా పట్టి ఉంచేవి

నైలాన్ రింగు ఉన్న నట్టు ఇక్కడ వద్దే వద్దు, మొదటి రోజే నైలాన్ కరిగిపోతుంది. మర మీద పూసే నీలం రంగు జిగురు సుమారు 150 డిగ్రీలకే పట్టు వదిలేస్తుంది. స్ప్రింగు వాషర్ కొత్తలో బాగానే ఉంటుంది కానీ వేడికి దాని బిరుసు చచ్చి బిళ్లలా చదునైపోతుంది. విప్పినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి: రెండు కొసల మధ్య ఎత్తు కనబడకపోతే అది పని మానేసి చాలా కాలమైందని అర్థం.

నిలిచేవి మూడు. పై భాగం కొద్దిగా నొక్కి కోలగా చేసిన పూర్తి లోహపు లాక్ నట్టు, నట్టు పక్క మీదికి అంచు మడిచే రేకు తాళం, పళ్లున్న జంట వాషర్లు. రేకు తాళం చవక, ఏ షెడ్డులోనైనా చేయించుకోవచ్చు, మడత చూడగానే నట్టు తిరిగిందో లేదో తెలుస్తుంది. జంట వాషర్లు ఖరీదు కానీ బోటు ఇంజన్ అదురుకు అవే దీటైనవి.

పానాతోనా, టార్క్ రెంచ్‌తోనా

ఎం8 స్టడ్డు, అంటే 8 మిల్లీమీటర్ల మందంతో, నట్టుకు 13 నంబరు పానా పట్టేది, పోత ఇనుప హెడ్డు మీద మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగింపు కోరుతుంది. ఎం10 అయితే 40 నుంచి 45. మీ ఇంజన్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. అల్యూమినియం హెడ్డుకు అది తక్కువగా ఉండవచ్చు. మరలకు పేస్టు పూస్తే రాపిడి తగ్గుతుంది, అదే అంకెకు బిగింపు ఎక్కువైపోతుంది. అప్పుడు నాలుగో వంతు తగ్గించి బిగించాలి. ఈ ఒక్క సంగతి తెలియక తెగిన స్టడ్డులు చాలా ఉన్నాయి.

టార్క్ రెంచ్, అంటే బిగింపు ఎంతో కొలిచి చూపే పానా, కొనేవారు 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య చూపే చిన్నది కొనండి. ట్రాక్టర్ చక్రాలకు వాడే పెద్ద రెంచ్ ఈ చిన్న అంకెల దగ్గర నమ్మదగినది కాదు. గాలి గన్నుతో నట్టు విప్పవచ్చు, బిగించడం మాత్రం వద్దు.

రెంచ్ కొనే స్తోమత లేకపోయినా, దాని తల దూరని ఇరుకు చోటైనా ఒక దారి ఉంది. మన దగ్గర రొయ్యలు, చేపలు తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా. మామూలు పానా చివరకు ఆ కొక్కెం తగిలించి, పానాకు అడ్డంగా, సరిగ్గా లంబంగా లాగండి. నట్టు మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో 16 కిలోలు చూపితే సుమారు 23 న్యూటన్ మీటర్లు. ఎం10కు 20 సెంటీమీటర్ల దూరంలో 21 కిలోలు చూపితే 41. ఇదే లెక్కతో ఆ కుర్రవాడు చేసింది చూడండి: 60 సెంటీమీటర్ల గొట్టం తొడిగి అవే 16 కిలోలు లాగితే బిగింపు నాలుగు రెట్లవుతుంది. 8.8 స్టడ్డు దానికి తెగక ఏమవుతుంది?

బిగించే తీరులో ఈ క్రమం తప్పవద్దు. నట్లన్నీ ముందు వేళ్లతో తిప్పాలి. వేళ్లతో తిరగని నట్టు ఉంటే మరలు శుభ్రం చేయాలి, పానాతో బలవంతం చేయకూడదు. హెడ్డు రంధ్రాల్లో నూనె, నీరు లేకుండా చూడాలి. మధ్య నట్లతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి చొప్పున చివర్లకు రావాలి. ఎం8కు మొదటి సారి 10, రెండో సారి 17, మూడో సారి పూర్తి అంకె. పేస్టు పూస్తే ఇవన్నీ నాలుగో వంతు తగ్గించే. తర్వాత ఇంజన్‌ను ఇరవై నిమిషాలు లోడు మీద నడిపి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారనిచ్చి, అదే వరుసలో మళ్లీ చూడాలి. గ్రాఫైట్, రేకు ప్యాకింగ్‌లలో ఈ రెండో బిగింపు తప్పనిసరి, మొదటి వేడికే అవి కుదించుకుపోతాయి. వేడి మీద బిగించకండి, అప్పటి అంకె నిజం కాదు.

వేలాడే బరువు

గట్టు మీద జనరేటర్ షెడ్డుకు పొగ బయటకు పోవాలని, కప్పు దాటేలా మూడు నాలుగు మీటర్ల ఇనుప గొట్టం వెల్డింగ్ చేయిస్తాం. ఆ బరువంతా ఎక్కడ వేలాడుతోంది? చివరికి మ్యానిఫోల్డ్ బోల్టుల మీదే. జనరేటర్ రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, గొట్టం కప్పుకు బిగుసుకుని ఉంటుంది. ఈ పెనుగులాట మొత్తం ప్యాకింగ్ దగ్గరే జరుగుతుంది. అలాంటి చోట ఏ ప్యాకింగ్ వేసినా మూడు నెలలకు మించి నమ్మలేం. మ్యానిఫోల్డ్ తర్వాత ముడతల స్టీలు గొట్టం ఒకటి వేయించి, అక్కడి నుంచి పైపును కప్పు దూలాలకు విడిగా వేలాడదీయండి. మా జనరేటర్‌కు ఫేసింగ్ తర్వాత చేసిన రెండో పని ఇదే. మీ దగ్గర డబ్బు ఒక్క పనికే ఉంటే, ఫేసు బాగుంటే ఈ పనికే పెట్టమంటాను.

మీరు ఎవరైతే ఏది

రొయ్యల చెరువు జనరేటర్ ఉన్నవారు ఉక్కు రేకు ఉన్న గ్రాఫైట్ ప్యాకింగ్, 8.8 స్టడ్డులు, లోహపు లాక్ నట్టు, ముడతల గొట్టం వేయించుకోండి. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండబెట్టే రోజుల్లో విప్పి చూడండి. రాత్రి కాపలా మనిషి అదే షెడ్డులో పడుకునే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి. కారే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ట్రాక్టర్ ఉన్నవారికి కంపెనీ ఇచ్చిన రేకు ప్యాకింగ్, రేకు తాళం చాలు. దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టేసే వేసవిలో ఈ పని పెట్టుకుంటే, సార్వా దమ్ము రోజుల్లో షెడ్డు ముందు వరుసలో నిలబడే అవసరం ఉండదు. నిలువు సైలెన్సర్ కొమ్మలకు తగిలి వంగి ఉంటే ముందు అది సరిచేయించండి.

బోటు వారు గ్రాఫైట్ ప్యాకింగ్‌కు తోడు జంట వాషర్లు పెట్టండి, మరలకు పేస్టు తప్పక పూయండి. వేటకు వెళ్లకపోయినా నెలకోసారి నట్లు చూడండి. ఉప్పు రోజూ పని చేస్తూనే ఉంటుంది.

మోటారు సైకిలుకు గుండ్రటి రాగి రింగు కొత్తది వేసి, రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తే సరిపోతుంది. కారుకు పొరల స్టీలు ప్యాకింగే వేయించాలి, ఆ పని తెలిసిన చేతికే అప్పగించాలి.

కారుతోందో లేదో తేల్చుకోవడం

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, దుమ్ము ఊదే బ్లోయర్‌ను సైలెన్సర్ కొసకు గుడ్డ చుట్టి ఆనించి గాలి పంపండి. అతుకు చుట్టూ సబ్బు నురుగు, లేదా కుంకుడు రసం నురుగు కుంచెతో పూయండి. కారే చోట చిన్న చిన్న బుడగలు లేస్తాయి. కొత్త బిగింపు తర్వాత ఎక్కడా బుడగ లేవకపోతే, ప్రతి నట్టు మీదా, దాని పక్కనే ఫ్లాంజి మీదా కలిసేలా తెల్ల రంగుతో ఒకే గీత గీయండి. నెల తర్వాత టార్చిలైటు వేసి చూసినప్పుడు ఏ నట్టు దగ్గర ఆ గీత రెండుగా విడిపోయి కనబడుతుందో, చల్లగా ఉన్నప్పుడు దాన్ని అదే అంకెకు మళ్లీ బిగించి, పాత గీత తుడిచి కొత్తది గీయండి. అదే నట్టు రెండోసారి కూడా తిరిగితే ఇక బిగించకండి. మ్యానిఫోల్డ్ విప్పి, ఆ స్టడ్డు మరలూ, ఆ చివర ఫేసూ చూడాల్సిందే.